పాత మారుతి 800కి ప్లగ్గులు, వైర్లు: ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే పని సగమే

మారుతి 800లో ఉండేవి మూడే సిలిండర్లు. ఒకటి మండకపోతే బండి బలంలో మూడో వంతు పోయినట్టే. అందుకే ఈ కారు తన రోగాన్ని దాచుకోలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు, గేరు రాడ్డు వణుకుతాయి. సెకండ్ గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు తూలుతుంది. షెడ్డు భాషలో దీన్నే ‘మిస్సింగ్’ అంటారు. మిస్సింగ్ అనగానే అందరూ చేసే పని ప్లగ్గులు, అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గులు, మార్చడం. రెండు మూడు వారాలు బండి బాగానే నడుస్తుంది, తర్వాత మళ్లీ మొదలు. మళ్లీ ప్లగ్గులు. ఏడాదికి రెండు మూడు సెట్లు ప్లగ్గులు మింగిన కార్లను చూస్తే, ప్లగ్గులకు కరెంటు తెచ్చే వైర్లు మాత్రం ఏళ్ల నాటివే అయ్యుంటాయి.

కొత్త ప్లగ్గు పెట్టగానే బాగైనట్టు ఎందుకు కనిపిస్తుందో అర్థమైతే సగం సమస్య తీరుతుంది. బ్యాటరీ వోల్టేజీని పెంచే కాయిల్ పుట్టించే కరెంటు ఇరవై వేల వోల్టుల దాకా పోగలదు. అయితే నిప్పురవ్వ దూకడానికి ఎంత కావాలో అంతవరకే వోల్టేజీ పెరుగుతుంది. కొత్త ప్లగ్గు మధ్య ఎలక్ట్రోడ్ అంచులు పదునుగా ఉంటాయి, గ్యాప్ (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ) సరిగ్గా ఉంటుంది, కాబట్టి తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది. ప్లగ్గు అరిగేకొద్దీ అంచులు గుండ్రమవుతాయి, గ్యాప్ పెరుగుతుంది, రవ్వ దూకడానికి కావాల్సిన వోల్టేజీ కూడా పెరుగుతుంది. అప్పుడు ఎండకు, ఇంజిన్ వేడికి పెళుసెక్కిన పాత వైరు ఆ ఒత్తిడిని ఆపలేదు. పగుళ్లలోంచో, ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు బూటులోంచో, కరెంటును వరుసగా ఒక్కో సిలిండర్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపలి నుంచో కరెంటు ఇంజిన్ బాడీలోకి దూకేస్తుంది. నింద ప్లగ్గు మీద పడుతుంది. లీకైంది వైరు.

ఇక్కడ చెప్పేదంతా కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్, పాయింట్ సెట్ (కాయిల్‌కు కరెంటు తెరిచి మూసే స్విచ్చు) ఉన్న పాత 796 సీసీ ఎఫ్8బీ ఇంజిన్ గురించి. తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండికి పద్ధతి దాదాపు ఇదే, కానీ ప్లగ్గు రకం, గ్యాప్, పానా సైజు వేరు. వాటిని ఆ బండి మాన్యువల్‌లోనే చూడాలి.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చేమీ లేదు. రాత్రి చీకట్లో ఇంజిన్ స్టార్ట్ చేసి బానెట్ ఎత్తండి. లైట్లన్నీ ఆపేసి రెండు నిమిషాలు కళ్లు అలవాటు పడనిచ్చి వైర్ల వెంట చూడండి. లీకవుతుంటే సన్నటి నీలి మెరుపులు, టిక్ టిక్ మని చప్పుడు కనిపెట్టవచ్చు. ఏమీ కనిపించకపోతే, మొక్కలకు నీళ్లు చిమ్మే స్ప్రే సీసాతో వైర్ల మీద, బూట్ల మీద కొంచెం తుంపర కొట్టండి. ఆ క్షణంలోనే ఇంజిన్ తడబడితే దొంగ దొరికినట్టే. వానాకాలం పొద్దున్నే మాత్రమే స్టార్టింగ్ ట్రబుల్ వచ్చి, ఎండెక్కాక మామూలైపోయే బండ్లలో జరిగేది కూడా ఇదే. చెయ్యి మాత్రం వైర్లకు దూరంగా ఉంచండి. ఆ షాక్ చిన్నది కాదు. ఫ్యాను, బెల్టు దగ్గర చున్నీ, తువ్వాలు వేలాడకుండా చూసుకోండి.

మిస్సింగ్ ఎలా వస్తుందన్నది కూడా ఒక ఆనవాలు. ఒకే లయలో, క్రమం తప్పకుండా తూలుతుంటే ఒక సిలిండర్‌కు సంబంధించిన ప్లగ్గో వైరో కారణం అయ్యుంటుంది. లయ లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు కొట్టుకుంటూ, ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంటే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ నడిమికి వచ్చే వైరును, క్యాప్ లోపల తిరిగే రోటర్‌ను, పాయింట్‌ను అనుమానించాలి. ఎందుకంటే మూడు సిలిండర్లకూ కరెంటు వెళ్లేది ఆ దారినే. చాలామంది మూడు ప్లగ్ వైర్లు మార్చి, ఈ కాయిల్ వైరును మరిచిపోతారు. కొనాల్సింది నాలుగు వైర్లు.

ప్లగ్గు కొనేటప్పుడు డబ్బా మీది అక్షరాలు చదవడం నేర్చుకుంటే దుకాణంలో మోసపోరు. ఉదాహరణకు ఎన్‌జీకే వారి బీపీఆర్5ఈఎస్. ‘బీ’ అంటే 14 మి.మీ. మర, 20.8 మి.మీ. నట్టు. ‘పీ’ అంటే తెల్ల పింగాణీ ముక్కు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ ఉంది. ‘5’ అనేది వేడి అంకె. ‘ఈ’ అంటే మర పొడవు 19 మి.మీ. వేడి అంకె దగ్గరే జాగ్రత్త కావాలి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. బాష్ డబ్ల్యూఆర్8డీసీ దాదాపు ఎన్‌జీకే 5కి సమానం, డబ్ల్యూఆర్7డీసీ ఎన్‌జీకే 6కి సమానం. ‘అంకె పెద్దదైతే మంచిది సార్’ అని కౌంటర్లో ఎవరైనా అంటే నమ్మకండి. (పాతకాలం మెకానిక్ ‘మైకో ప్లగ్గు’ తెమ్మంటే కంగారు పడక్కర్లేదు. బెంగళూరు మైకో కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది.)

వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు అనేవి రవ్వ బలానికి సంబంధించినవి కావు. ప్లగ్గు ముక్కు తన వేడిని ఎంత త్వరగా హెడ్డులోకి (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) వదులుతుందన్నదే తేడా. మరీ చల్లనిదైతే ముక్కు మీద చేరిన మసి కాలిపోదు, ఊళ్లో తిరిగే బండికి త్వరగా మిస్సింగ్ వస్తుంది. మరీ వేడిదైతే హైవే మీద ముక్కు ఎర్రగా కాలి, రవ్వ దూకక ముందే పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అంటించేస్తుంది, పిస్టన్‌కు ముప్పు. మాన్యువల్‌లో ఉన్న అంకె దాటి పోవద్దు. మర పొడవు మరీ ముఖ్యం. 19 మి.మీ. హెడ్డులో పొట్టి మర ప్లగ్గు బిగిస్తే మిగిలిన మరల్లో మసి పేరుకుంటుంది, తర్వాత సరైన ప్లగ్గు ఎక్కదు. అదే పొట్టి హెడ్డులో పొడుగు ప్లగ్గు పెడితే పిస్టన్‌కు తగలవచ్చు.

నకిలీ ప్లగ్గులు మార్కెట్లో కొల్లలు. మధ్య ఎలక్ట్రోడ్ పక్కకు ఒరిగి ఉండటం, మర గరుగ్గా ఉండటం, అక్షరాలు వేలితో రుద్దితే చెదరడం, వాషర్ ఊరికే ఊడి చేతిలోకి రావడం దాని గుర్తులు. అసలు ప్లగ్గు వాషర్ మర మీద తిరుగుతుంది గానీ జారి పడిపోదు. ఇరిడియం ప్లగ్గుల మోజు ఈ బండికి అనవసరం. అవి చెడ్డవని కాదు. కార్బ్యురేటర్ మసికి అవీ నల్లబడతాయి, ఆ డబ్బుతో మంచి వైర్లు, క్యాప్, రోటర్ వస్తాయి.

వైర్ల విషయంలో ఒకే మాట: కార్బన్ కోర్ (రాగి బదులు కార్బన్ నడిమి తీగ) ఉన్న, పేరున్న కంపెనీ సెట్టు తీసుకోండి. లోపల రాగి తీగ ఉంటే కరెంటు బాగా వెళుతుందనుకుని రాగి వైర్లు అడిగేవాళ్లున్నారు. వైరులో నిరోధం కావాలనే పెడతారు. అది లేకపోతే రేడియోలో ఇంజిన్‌తో పాటే గరగర మోగుతుంది. ఎంపీఎఫ్ఐ బండిలో అయితే కంప్యూటర్‌కు, సెన్సర్లకు అడ్డు తగలవచ్చు. కొత్త వైరైనా మల్టీమీటర్‌తో కొలవండి. మీటరు పొడవుకు సుమారు 10 నుంచి 20 కిలో ఓమ్‌ల మధ్య ఉంటే మామూలే. పాత వైరును కొలిచేటప్పుడు మెల్లగా వంచుతూ చూడండి. అంకె గంతులేస్తే లోపల కోర్ తెగింది. అలాంటి వైరు కొసను కాస్త కత్తిరించి, గుండుసూది గుచ్చి నడిపించడం రోడ్డు పక్క చిట్కా. ఇంటికి చేరడానికి పనికొస్తుందేమో గానీ, తెగిన చోట వైరు లోపలే రవ్వ కొడుతూ పగులు ఇంకా పెరుగుతుంది. పగిలిన వైరుకు ఇన్సులేషన్ టేపు చుట్టడం కూడా అంతే. ఇంటి కరెంటుకు తయారైన టేపు వేల వోల్టులను ఆపలేదు.

సామాను: 21 మి.మీ. ప్లగ్ పానా (లోపల రబ్బరు ఉన్నదైతే ప్లగ్గు పింగాణీ విరగదు), రాచెట్, ఎక్స్‌టెన్షన్ రాడ్డు, ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్నటి ఆకులు), టార్చి, సైకిల్ పంపు, సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, మాస్కింగ్ టేపు, పెన్ను, పెట్రోల్ పైపు ముక్క ఒక జానెడు. ఈ చివరిదాని పని కింద చెబుతాను.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. హెడ్డు అల్యూమినియంది. వేడి మీద ప్లగ్గు తిప్పితే మరలు చీరుకుపోయి ప్లగ్గుతో పాటు బయటికి వస్తాయి. ఆ తర్వాత హెడ్డుకు ఇన్సర్ట్ (కొత్త మర) వేయించడం పెద్ద పని. రాత్రి ఆపిన బండిని పొద్దున్నే విప్పడం అన్నిటికన్నా మేలు. తాళం తీసి జేబులో పెట్టుకోండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేస్తే పాయింట్ మూసుకున్న చోట ఆగి ఉండవచ్చు, అప్పుడు కాయిల్ కాలుతుంది, పాయింట్ మాడుతుంది.

బెల్టు వైపు ఉన్నది ఒకటో సిలిండర్. అక్కడి నుంచి 1, 2, 3 అని ప్లగ్గు దగ్గర, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ దగ్గర రెండు చోట్లా టేపు మీద రాసి అంటించండి. ఫోటో కూడా తీసుకోండి. సిలిండర్లు మండే వరుస 1-3-2. అన్ని వైర్లూ ఒకేసారి పీకి కింద పెట్టడమే ఈ పనిలో అందరూ చేసే పొరపాటు. ఒకటి తీసి, ఆ ప్లగ్గు మార్చి, దానికి సరిపోయే పొడవున్న కొత్త వైరు పెట్టి, అప్పుడే రెండోదానికి వెళ్లండి.

బూటు తీసేటప్పుడు వైరును పట్టి లాగొద్దు. బూటునే పట్టుకుని కొంచెం ఇటూ అటూ తిప్పి, అతుకు వదిలాక పైకి లాగాలి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే రబ్బరు చిరుగుతుంది. బూటు రాగానే పానా తగిలించకండి. ప్లగ్గు చుట్టూ ఉన్న గుంటలో ఏళ్ల దుమ్ము, ఇసుక ఉంటాయి. సైకిల్ పంపుతో నాలుగు దెబ్బలు కొట్టి ఊదెయ్యండి, లేకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గు బిర్రుగా ఉంటే బలం చూపించకండి. పావు చుట్టు విప్పి, రస్ట్ ఆయిల్ రెండు చుక్కలు వేసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ బిగించి మళ్లీ విప్పుతూ కొద్దికొద్దిగా తీయాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండ్లకు ఈ ఓపిక మరీ అవసరం.

తీసిన ప్లగ్గులను పారేయకండి. అట్టముక్కకు మూడు రంధ్రాలు చేసి, నంబర్లు రాసి, వాటిలో గుచ్చండి. ఇంజిన్ తన ఆరోగ్యం గురించి చెప్పే మాటలన్నీ అక్కడే ఉంటాయి. ముక్కు లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే అంతా బాగున్నట్టు. మూడూ పొడి మసితో నల్లగా ఉంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువవుతోంది: చోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. ఒక్కటే నల్లగా, పెట్రోలు వాసనతో తడిగా ఉంటే ఆ సిలిండర్‌లో రవ్వ పడడం లేదు. ఆ వైరునే ముందు కొలవండి. జిడ్డుగా ఆయిల్ పట్టి ఉంటే వాల్వ్ సీళ్లో, రింగులో అరిగాయి, ప్లగ్గు మార్చినా మళ్లీ అదే వస్తుంది. తెల్లగా పాలిపోయి, బుడిపెలు కట్టినట్టుంటే ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతోంది: ఇన్‌టేక్ దగ్గర గాలి లీకు, టైమింగ్ (రవ్వ పడే సమయం) ముందుకు జరగడం, ప్లగ్గు అంకె తప్పు కావడం, ఈ మూడింటిలో ఒకటి. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో పాత కార్బ్యురేటర్ మిశ్రమం కాస్త పలచబడుతుంది, కాబట్టి ఇప్పుడు ప్లగ్గులు మునుపటికన్నా తెల్లగా కనిపించడం సహజమే. బుడిపెలు లేనంతవరకు దానికి భయపడక్కర్లేదు.

పింగాణీ పైభాగం కూడా చూడండి. ఇనుప నట్టుకు ఆనుకుని గోధుమ రంగు వలయం ఉంటే అది లీకు కాదు. ఆ చోటి విద్యుత్తు గాలిలోని ఆయిల్ రేణువులను లాక్కోవడం వల్ల పడిన మరక. అది చూసి ‘గ్యాస్ లీకవుతోంది’ అని మంచి ప్లగ్గులు పారేయించేవాళ్లున్నారు. అదే నిలువుగా సన్నటి నల్ల గీత ఉంటే మాత్రం కరెంటు పైనుంచి కిందికి దూకిన దారి అది. బూటు లోపల కూడా అదే చోట గీత పడి ఉంటుంది. అలాంటప్పుడు ప్లగ్గు ఒక్కటి మార్చి పాత బూటు ఉంచితే, కొత్త ప్లగ్గు మీదా అదే గీత పడుతుంది. ప్లగ్గులు, వైర్లు కలిపే మార్చాలని ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

నల్లబడిన ప్లగ్గును హాక్సా బ్లేడుతో గీకి, పెట్రోలులో ముంచి తిరిగి పెట్టడం మన దగ్గర పాత అలవాటు. పింగాణీ మీద నునుపు పోతే మసి ఇంకా త్వరగా పడుతుంది. వైరు బ్రష్షుతో రుద్దితే లోహపు గీతలు పింగాణీ మీద మిగిలి, కరెంటుకు అవే దారి అవుతాయి. దారిలో ఆగిపోయినప్పుడు తప్పదు, ఇంటి దగ్గర వద్దు.

కొత్త ప్లగ్గు గ్యాప్ ఫ్యాక్టరీలోనే పెట్టి వస్తుందన్నది నిజమే, కానీ అది మీ ఇంజిన్‌కు కావాల్సిన గ్యాపే అని లేదు. పాయింట్ సెట్ ఉన్న 800కి 0.7 నుంచి 0.8 మి.మీ. ఉంచాలి. ఫీలర్ గేజ్ ఆకు కొంచెం పట్టు తగులుతూ జారాలి. తేడా ఉంటే బయటి వంపు ఎలక్ట్రోడ్‌నే వంచండి. మధ్యదాన్ని ముట్టుకున్నా, దాని మీద ఆనించి ఒత్తినా పింగాణీ ముక్కు పగులుతుంది. ఎల్పీజీ కిట్ వేసిన బండికి గ్యాప్ తక్కువ వైపు, 0.7 దగ్గర పెట్టండి. గ్యాస్ మిశ్రమానికి రవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ కార్లలో వైర్లు ముందే చచ్చిపోవడానికీ కారణం అదే. ప్లగ్గు చెయ్యి జారి నేల మీద పడితే పక్కన పెట్టేయండి. కంటికి కనిపించని పగులు తర్వాత మిస్సింగ్‌గా బయటపడుతుంది.

ఇప్పుడు ఆ పెట్రోల్ పైపు ముక్క. ప్లగ్గు పింగాణీ కొసకు పైపు తొడిగి, దాంతోనే ప్లగ్గును రంధ్రంలో దింపి వేళ్లతో తిప్పండి. మర వంకరగా పట్టుకుంటే పైపే జారుతుంది, హెడ్డు పాడవదు. 19 మి.మీ. మరకు 1.25 మి.మీ. పిచ్ (ఒక్కో చుట్టుకు దిగే దూరం) అంటే దాదాపు పదిహేను చుట్లు. అవన్నీ చేతి బలంతోనే పడాలి. రెండు మూడు చుట్లకే బిగుసుకుంటే ఆగి, విప్పి, మళ్లీ మొదలుపెట్టాలి. పానా వేయాల్సింది వాషర్ హెడ్డుకు ఆనాకే. కొత్త వాషర్‌తో ఆనిన తర్వాత అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు. వాడిన ప్లగ్గే తిరిగి పెడుతుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు. టార్క్ రెంచ్ ఉంటే 20 నుంచి 30 న్యూటన్ మీటర్లు. వదులుగా వదిలినా ప్రమాదమే: ప్లగ్గు వేడి వాషర్, మరల ద్వారానే హెడ్డులోకి దిగాలి, వదులైతే దిగదు. మరలకు గ్రీజు పూయకండి. జారుడు వల్ల తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

సిలికాన్ గ్రీజు పూయాల్సింది బూటు లోపలి అంచుకు, పల్చగా. అది తడిని ఆపుతుంది, మళ్లీ తీసేటప్పుడు బూటు అతుక్కోదు. మామూలు చాసిస్ గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, అది వద్దు. బూటు లోపలి క్లిప్ ప్లగ్గు కొస మీద ‘టక్’ మని కూర్చోవాలి. క్యాప్ వైపు కూడా అడుగు దాకా నెట్టండి. సగం ఎక్కిన వైరు కొస లోపల రవ్వ కొట్టి, క్యాప్ కొమ్మును లోపలి నుంచి ఆకుపచ్చగా తుప్పు పట్టిస్తుంది. వైర్లను ఒకదానికొకటి ఆనించి కట్టేయకుండా క్లిప్పుల్లో విడివిడిగా ఉంచండి, ఎగ్జాస్ట్‌కు తగలనివ్వకండి. పక్కపక్కనే చాలా దూరం కలిసి నడిస్తే ఒకదాని కరెంటు రెండోదాంట్లో పుట్టి, తప్పు సమయంలో రవ్వ పడవచ్చు.

క్యాప్ విప్పినప్పుడు లోపల చూడండి. నడిమి కార్బన్ ముక్క స్ప్రింగు మీద ఆడాలి. పిన్నుల మధ్య పెన్సిల్ గీతల్లా నల్లటి దారులుంటే తుడిచి లాభం లేదు, క్యాప్ మార్చాలి. రోటర్ కొస మాడి అరిగి ఉంటే అదీ మార్చండి. పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. దాన్ని కదిపితే టైమింగ్ కూడా కదులుతుంది, కాబట్టి టైమింగ్ లైటు లేకుండా దాని జోలికి పోవద్దు.

స్టార్ట్ చేయగానే కార్బ్యురేటర్‌లోంచి ‘ఠప్’ మని వెనక్కి కొడితే రెండు వైర్లు తారుమారయ్యాయి. ఫోటో చూసి 1-3-2 సరిచేయండి. అన్నీ సరిగ్గా ఉన్నా ఒక సిలిండర్ మిస్సవుతూనే ఉంటే ఆ ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. రోగం ప్లగ్గుతో పాటు వెళితే కొత్త ప్లగ్గే చెడ్డది. వెళ్లకపోతే వైరు మార్చి చూడండి. అప్పటికీ అదే సిలిండర్ అయితే ఇగ్నిషన్‌ను వదిలేసి కంప్రెషన్ కొలిపించండి. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ స్ట్రాప్ తుప్పు పట్టిందేమో కూడా చూడండి, కరెంటుకు తిరుగు దారి అదే.

మామూలు నికెల్ ప్లగ్గులు 15 నుంచి 20 వేల కిలోమీటర్ల దాకా నడుస్తాయి, గ్యాప్ మాత్రం పది వేలకోసారి చూడాలి. వైర్లకు కిలోమీటర్ల కన్నా వయసు ముఖ్యం. నాలుగైదేళ్లు దాటితే కొలిచి చూసి మార్చేయడమే. ఎక్కువ రోజులు కదలని కారైతే ఎలుకలు కొరికాయేమో స్టార్ట్ చేసే ముందే చూడండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు బానెట్ లోపల టేపు మీద రాసి అంటించండి. తీసినవాటిలో బాగున్న ఒక ప్లగ్గు, ప్లగ్ వైర్లలో అన్నిటికన్నా పొడుగైనది, ప్లగ్ పానా, ఈ మూడూ డిక్కీలో ఉంచండి. పొడుగు వైరే ఎందుకంటే, అదైతే మూడు సిలిండర్లలో దేనికైనా అందుతుంది.